నలభై గ్రాముల అతిథి

గురువారం పొద్దున ఆకాశం రెండు ముక్కలుగా ఉంది. తూర్పున మబ్బు నేలదాకా దిగి, దూరంగా వాన గీతలు కనిపిస్తున్నాయి. బెంగళూరు చివర కాడుగోడి మీద మాత్రం కళ్ళు చికిలించుకునేంత తెల్లటి ఎండ. వెంకటగిరియప్ప గడపలో నిలబడి గాలి వాసన చూశాడు. మధ్యాహ్నం లోపల వాన ఇటు తిరుగుతుందని లెక్క వేసుకుని గొడుగు చంకన పెట్టుకున్నాడు. చింతామణి పక్క పల్లె బడిలో చదివి, ముప్ఫై ఒక్క ఏళ్ళు పోలీసు కొలువు చేసి, ఏ.ఎస్.ఐ.గా దిగిపోయి, ఇప్పుడు రైల్వే స్టేషను దగ్గర ఒంటి గదిలో ప్రైవేటు విచారణలు చేసుకుంటున్న మనిషి ఆయన. గడియారం కంటే ముందు ఆకాశాన్ని చూసే అలవాటు ఇంకా పోలేదు.

ఆ రోజు గడియారాన్ని చూడక కూడా తప్పలేదు. పన్నెండు గంటలకు అక్కయమ్మను అరెస్టు చేస్తారు.

సంగతి ఇది. మంగళవారం పొద్దున తొమ్మిదీ నలభైకి గుడి నుంచి తిరిగొచ్చిన అక్కయమ్మకు, వంటింటి గడప దగ్గర సహన స్పృహ లేకుండా కనిపించింది. నుదురు గడపకు తగిలి చిట్లింది. ఒళ్ళంతా చల్లటి చెమట. అంబులెన్సు వాళ్ళు వేలు గుచ్చి చూస్తే రక్తంలో చక్కెర ముప్ఫై ఒకటి. తొంభై, నూరు ఉండాల్సిన చోట ముప్ఫై ఒకటంటే ప్రాణం గుమ్మం దాటబోతోందని అర్థం.

సహనకు ఇరవై నాలుగేళ్ళు. హూడిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. పదమూడో ఏట ఆమె ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయింది. అప్పటినుంచీ తినబోయేదాంట్లో పిండిపదార్థం ఎన్ని గ్రాములో లెక్క కట్టుకోవడం, పది గ్రాములకు ఒక యూనిట్ చొప్పున సూది వేసుకోవడం, పావుగంట ఆగి తినడం. తల్లీ తండ్రీ పోయారు. వంటమనిషిగా వచ్చి, చివరికి ఆ పిల్లకు అవ్వగా మిగిలింది అక్కయమ్మ.

పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది సహన చిన్నాయన మునిరాజు. బొమ్మనహళ్ళిలో కుట్టుమిషన్ల యూనిట్ నడుపుతాడు. ఇంటి వెనక భాగం అక్కయమ్మ పేర రాయిస్తానని సహన అంటోందనీ, అది తొందరగా దక్కించుకోవడానికి ముసలిది ఇన్సులిన్ ఎక్కువ ఎక్కించిందనీ అతని మాట. ఈ పొద్దున సహన కళ్ళు తెరిచిందని, ఐ.సి.యు. నుంచి వార్డుకు మార్చారని కబురొచ్చింది. కానీ మంగళవారం ఏం జరిగిందో ఆమెకు ఒక్క ముక్క గుర్తు లేదు.

పదీ ఇరవైకి వెంకటగిరియప్ప ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి ఇన్‌స్పెక్టర్ నేత్రావతి హాల్లో కూర్చుని ఫైలు రాస్తోంది. పన్నెండేళ్ళ కిందట కొత్త ఎస్సైగా వచ్చినప్పుడు నేరం జరిగిన చోటు ఎలా చూడాలో ఈయన దగ్గరే నేర్చుకుంది. అప్పుడూ హోదాలో ఆమే పైన. అయినా 'అన్నా' అనే పిలిచేది. ఆ పిలుపు ఇప్పుడూ మారలేదు, గొంతు మాత్రం మారింది. ఎవరి తరఫున వచ్చారని అడిగింది.

"ఆయమ్మ చేతి ముద్ద తిన్న తరఫున," అన్నాడు వెంకటగిరియప్ప.

"అన్నం పెట్టినోళ్ళంతా అమాయకులైతే నాకు పనుండదన్నా."

ఆయన గడప పక్కన గోడకు ఆనించి ఉన్న పెద్ద క్యారియరు వైపు చూశాడు. పిల్ల కళ్ళు తెరిచిందని కబురు రాగానే అక్కయమ్మ ఆసుపత్రికని చేసి పెట్టింది. పొద్దున్నుంచి పోలీసులు కూడా ఏమీ తినలేదని వాళ్ళకూ కలిపి ఏడు రాగి ముద్దలు కట్టింది. తనను పట్టుకుపోవడానికి వచ్చినవాళ్ళకు వండిపెట్టే నేరస్తురాలిని ఆయన తన కొలువులో చూడలేదు. ఆ మాట పైకి అంటే నేత్రావతి రుజువు కాదంటుంది. నిజమే, రుజువు కాదు.

ఆమె చేతిలోని రుజువులు చూపించమన్నాడు. చూపించింది. గర్వంగానే చూపించింది.

సహన తన ఫోనులో రోజూ రాసుకునే డైరీ కాగితం మీద అచ్చు వేయించి ఉంది. మంగళవారం ఎనిమిదీ అయిదు: చక్కెర నూట పద్దెనిమిది, పిండిపదార్థం తొంభై గ్రాములు, ఇన్సులిన్ తొమ్మిది యూనిట్లు. ఆ తర్వాత ఎనిమిదీ ఇరవై రెండు: గ్లూకోజ్ నలభై. అంతే. ముద్దల గిన్నె ఖాళీగా దొరికింది కాబట్టి పిల్ల తినాల్సింది తినింది, తొమ్మిది యూనిట్లకు సరిపడా తినింది. అయినా ఎనిమిదీ ఇరవై రెండుకే చక్కెర పడిపోయి గ్లూకోజు తాగింది. ఆ గ్లూకోజు కూడా చాల్లేదు. అంటే ఒంట్లో లెక్కకు మించిన ఇన్సులిన్ ముందే ఉంది. సూది వేయడం ఇంట్లో తెలిసిన రెండో మనిషి అక్కయమ్మ. నేత్రావతి కాగితం మడిచి, ఎక్కడ తప్పుందో చెప్పమంది.

వెంకటగిరియప్ప ఇన్సులిన్ పెన్ను అడిగాడు. సంచిలో మూసి ఉన్న పెన్నును కిటికీ వెలుగుకు పట్టి గీతలు చదివాడు. సహన ఆదివారం పొద్దున కొత్తది తీసిందని డైరీలో ఉంది. పెన్నులో మూడు వందలు. అప్పటినుంచి రాసుకున్న ఏడు డోసులు కలిపితే యాభై ఆరు. ప్రతిసారీ సూది సరిగా ఉందో లేదో చూడటానికి బయటికి వదిలే రెండేసి యూనిట్లు పద్నాలుగు. మొత్తం డెబ్బై. పెన్నులో మిగిలింది సరిగ్గా రెండు వందల ముప్ఫై.

"ఫ్రిజ్జులో ఇంకా నాలుగుండాయి," అంది నేత్రావతి.

"నాలుగింటికీ సీలుంది. చూసి రా."

ఆమె లేచి చూసి వచ్చింది. కూర్చోలేదు. తేడా ఇన్సులిన్ లో కాకపోతే మరెక్కడుందో చెప్పమంది. ఆ అడిగిన తీరులో ఇంతకు ముందున్న బిగువు కొంచెం సడలింది.

తేడా అన్నంలో ఉందని ఆయన అనుకున్నాడు. అక్కయమ్మను పిలిచి మంగళవారం వంట మొదటి నుంచి చెప్పమన్నాడు.

అక్కయమ్మ చీర కొంగు నడుముకు దోపుకుని గోడకు ఆనుకుని నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆమెకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. పదకొండేళ్ళ కిందట ఆసుపత్రిలో ఆహారం గురించి చెప్పే అమ్మాయి నేర్పించింది. రాగి పిండి తూకం వేసి పోస్తుంది, కెలికినాక ముద్దను మళ్ళీ తూకం వేస్తుంది. పిండి అరవై గ్రాములు, ముద్ద నూట డెబ్బై, అందులో పిండిపదార్థం లెక్క నలభై. పదకొండేళ్ళుగా ఒక ముద్ద కూడా ఆ లెక్క దాటలేదు. మంగళవారం రెండు ముద్దలు, ఆకుకూర వేసిన సొప్పు సారు. సారుకు పది. మొత్తం తొంభై. ఎనిమిదీ అయిదుకు పిల్ల సూది వేసుకోవడం చూసి, ఎనిమిదీ పదికి గుడికి బయల్దేరింది. ప్రతి మంగళవారం పోతుంది, పిల్ల పేరు మీద అర్చన చేయించి వస్తుంది.

ఆయన ఆ కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. నేత్రావతి గడియారం చూసుకుంది. పదకొండూ అయిదు.

"చక్కెర పడిపోతే సహన గ్లూకోజు ఎంత తాగుతాది అక్కయమ్మా?"

"పదహైదు గ్రాములప్పా. ముందు వేలు గుచ్చి చూసుకుంటాది, పదహైదు తాగుతాది, పదహైదు నిమిషాలాగి మళ్ళ చూసుకుంటాది. డాక్టరు అట్లే చెప్పినాడు. నిద్రలో లేపి అడిగినా అదే చెప్తాది."

వెంకటగిరియప్ప కాగితాన్ని నేత్రావతి ముందు పెట్టి వేలితో చూపించాడు. ఎనిమిదీ ఇరవై రెండుకు వేలు గుచ్చి చూసుకున్న అంకె లేదు. తాగింది పదిహేను కాదు, నలభై.

"ఇది పడిపోయిన చక్కెరకు మందు కాదమ్మా. నలభై అంటే ఒక ముద్ద. తొమ్మిది యూనిట్లు వేసుకున్నాక తన ముద్దల్లో ఒకటి ఎవరికో పెట్టేసింది. ఆ ముద్దకు బదులు గ్రాముకు గ్రాము గ్లూకోజు తాగింది."

నేత్రావతి ఫైలు మూసి, అక్కయమ్మ వైపు తిరిగి, గుడి నుంచి తిరిగొచ్చినప్పుడు అంట్ల తొట్టిలో ఎన్ని కంచాలున్నాయని మెల్లగా అడిగింది. రెండు రోజుల్లో ఆమె అడిగిన మొదటి మెత్తటి ప్రశ్న అదే.

అక్కయమ్మ తల దించుకుంది. ఒక కంచం, ఒక గిన్నె మూత, రెండూ కడిగి పెట్టేశానంది. అవి ఎందుకు కడిగేశావని అడిగితే, పిల్ల ఆసుపత్రిలో ఉందని ఎంగిలి కంచాలు అట్లే పెట్టుకుంటామా అంది.

మూత సంగతి వెంకటగిరియప్పకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. వాళ్ళ వైపు ఇళ్ళల్లో కంచం ముందు కూర్చున్నప్పుడు మనిషి గుమ్మంలోకి వస్తే, ఆ మనిషికి పెట్టకుండా చేయి కడగరు. వచ్చింది బంధువైతే మంచి కంచం వాళ్ళకిచ్చి ఇంటివాళ్ళు మూతలో తింటారు. కాఫీ తాగి పోయే స్నేహితుల కోసం సహన మూతలో తినదు. వచ్చినవాడు ఇంటి మనిషి.

కానీ అక్కడే ఆయనకు ముడి పడింది. నలభై పోయింది, నలభై తాగింది. లెక్క సరిపోయింది కదా. మరి పిల్ల ఎందుకు పడిపోయింది?

లేచి వంటింట్లోకి పోయాడు. అరుగు మీద తూకం, పక్కన మూత బిగించిన గ్లూకోజు డబ్బా, చక్కెర డబ్బా, ఉప్పు జాడీ. ఏదీ ముట్టుకోకుండా నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. నేత్రావతికి ఆ నిలబడటం తెలుసు. కొత్తగా వచ్చినప్పుడు ఆయన వెనక నిలబడి నిలబడి కాళ్ళు పీక్కుపోయేవి. ఇప్పుడూ గుమ్మంలోనే ఆగింది.

వాన వచ్చే ముందు చీమలు ఇంట్లోకి దారి పట్టడం మామూలు. కిటికీ సందులోంచి సన్నటి బారు ఒకటి అరుగు ఎక్కింది. చక్కెర డబ్బా అంచున రాలిన నాలుగు పలుకుల చుట్టూ మూగింది. అక్కడి నుంచి జానెడు దూరంలో గ్లూకోజు డబ్బా. తూకం వెనక గోడ సందున మంగళవారం ఒలికిన తెల్లపొడి, చిటికెడంత, అట్లే ఉంది. చీమల బారు దాని అంచుదాకా వచ్చి, మీసాలు ఆడించి, చుట్టూ తిరిగి పోతోంది. ఒక్క చీమ కూడా దాని మీద కాలు పెట్టలేదు.

ఆయన వంగి వేలికొసకు ఇంత అంటించుకుని నాలుక మీద వేసుకున్నాడు.

"అన్నా, అది సాక్ష్యం."

"ఇంకా మిగిలుండాది."

తీపే. కానీ ఆ తీపి ఆలస్యంగా వచ్చి, నాలుక వెనక చేరి పోనంటూ కూర్చుంది. ఎనిమిదేళ్ళుగా ఆయనకూ షుగరు ఉంది. రోజూ పొద్దున కాఫీలో చక్కెరకు బదులు వేసుకునే తీపిపొడి రుచి ఆయనకు బాగా తెలుసు. తన సంచిలోంచి షుగరు చూసుకునే మీటరు తీశాడు. డబ్బాలోని పొడి చెంచాడు నీళ్ళలో కలిపి, ఒక చుక్క పట్టీకి అంటించాడు. అయిదు సెకన్లు. మీటరు మీద అంకె రాలేదు. కొలవడానికి కూడా ఏమీ లేనంత తక్కువ అని చూపించింది. నేత్రావతి ఎదురంగడి నుంచి సీలు తీయని గ్లూకోజు పొట్లం తెప్పించింది. అదీ అలాగే కలిపి మరో పట్టీకి అంటించారు. ఈసారి మీటరు తాను చూపించగల హద్దు దాటిపోయిందని చూపించింది.

సహన తాగింది గ్లూకోజు కాదు. తీపి రుచి ఉండి, చక్కెర లేని నీళ్ళు. నాలుగు యూనిట్ల ఇన్సులిన్ కు తోడు ఆ ఒంట్లో ఏమీ లేదు.

నేత్రావతి డైరీ కాగితాలు వెనక్కి తిప్పింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే. అంతకు ముందు మూడు మంగళవారాలూ, ఎనిమిదీ ఇరవై ప్రాంతంలో: గ్లూకోజ్ నలభై. ఆ మూడు రోజులూ పిల్లకు ఏమీ కాలేదు. వచ్చినవాడెవరో మూడు మంగళవారాలు తిని, ఆమె ఏం చేస్తుందో చూసుకున్నాడు. నాలుగోసారి డబ్బాలో పొడి మార్చాడు.

"ఒకరింటికి పోయి ముద్ద తినడానికి ఏ సెక్షనూ లేదన్నా," అంది నేత్రావతి. గొంతు తగ్గిపోయింది.

"అందుకే తిన్నాడు."

ఇక మిగిలింది ఒక్క పేరు. ఆ పేరు అక్కయమ్మకు తెలుసని వెంకటగిరియప్పకు ఆమె తల దించుకున్నప్పుడే అనిపించింది. ఆమె ఎదురుగా నేల మీద బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాక ఆమె కూడా కూర్చుంది.

"తిన్నోళ్ళ పేరు బయట చెప్తామా అప్పా?" అంది అక్కయమ్మ. "ఒక ముద్ద తిన్నారని పోలీసోళ్ళకు చెప్తే ఆ ఇంట్లో ఇంగ ఎవరు చెయ్యి కడుగుతారు?"

"పిల్ల పానం మీదికి వచ్చింది అక్కయమ్మా."

ఆమె నడుముకు దోపుకున్న కొంగు విప్పుకుంది. కంచంలోనే చెయ్యి కడిగింటాడప్పా, అంది చివరికి. నాలుగు మంగళవారాలూ సొప్పు ఆకులు నీళ్ళలో తేలుతా ఉండె. ఆ ఇంట్లో కంచంలో చెయ్యి కడిగే అలవాటు ఒక్కడికే. వాళ్ళమ్మ, పెద్దాయమ్మ, బతికుండంగా ఎన్ని తిట్లు తిట్టినా మానలేదు. ఉమ్మడి సైటు అమ్మడానికి పిల్ల సంతకం పెట్టలేదని ఏడాదిగా మాటల్లేవు. మళ్ళీ రాకపోకలు మొదలైనాయేమో, పిల్ల నాకు చెప్పడానికి సిగ్గుపడిందేమో అనుకొంటిని. అదే వచ్చి చెప్తాదిలే అని ఊరకుంటిని. లోపల సంతోషపడితినప్పా, అంది. అప్పుడే కళ్ళు తుడుచుకుంది.

నేత్రావతి ఫైలులోంచి మునిరాజు ఇచ్చిన వాంగ్మూలం తీసింది. ఏడాదిగా ఆ ఇంటి గడప తొక్కలేదని అందులో రెండు చోట్ల ఉంది.

"ఇప్పుడు యాడుండాడు?" అడిగాడు వెంకటగిరియప్ప.

ఆమె ముఖం పాలిపోయింది. ఆసుపత్రిలో సహన దగ్గర తోడుగా కూర్చుంది అతనే. ఇంటి మనిషి కదా అని పోలీసులే సంతకం పెట్టి లోపలికి పంపారు. అక్కయమ్మను రానివ్వొద్దని వార్డులో చెప్పిందీ అతనే. మధ్యాహ్నం భోజనం పన్నెండున్నరకు. అంతకు పావుగంట ముందు నర్సు ఇన్సులిన్ వేస్తుంది. గడియారం పన్నెండుకు అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

ఏ గంటకు అరెస్టు చేస్తానందో ఆ గంటకు నేత్రావతి అక్కయమ్మను చేయి పట్టి జీపులో ముందు సీట్లో ఎక్కించింది. క్యారియరు అక్కయమ్మ ఒడిలో ఉంది. దాన్ని వదిలి రమ్మని ఎవరూ అనలేదు. వాన ఇటు తిరిగింది. వార్డు ఫోను మూడుసార్లు మోగి ఆగిపోయింది. నాలుగోసారి నర్సు తీసింది. సూది ఇప్పుడే వేశామని, ఆరు యూనిట్లని, ట్రే కూడా ఇచ్చేశామని చెప్పింది. ఎవరూ దగ్గరికి పోకుండా చూడమని నేత్రావతి చెప్పేలోపల సిగ్నలు తెగిపోయింది.

పన్నెండూ ఇరవై ఎనిమిదికి గది తలుపు తోశారు.

సహన నుదుటి కట్టుతో, దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. మంచం పక్కన మునిరాజు, ఒళ్ళో ఆసుపత్రి ట్రే. అన్నం సగం అయిపోయింది. సహన చేతిలో గ్లాసుడు తెల్లటి నీళ్ళు. పెదవుల దగ్గర ఉంది గ్లాసు.

వెంకటగిరియప్ప మూడు అంగల్లో పోయి గ్లాసు అందుకున్నాడు. గుంజుకోలేదు. చిన్నపిల్ల చేతిలోంచి తీసుకున్నట్టు తీసుకున్నాడు.

సహన మగతగా నవ్వింది. "అవ్వా, వచ్చినావా. చిన్నాయన పొద్దున్నుంచి ఏమీ తినలేదంట. నాకింత అన్నమెందుకు, సగం తిని సగం పెట్టేస్తి. ముప్ఫైకి చిన్నాయన తెచ్చిన గ్లూకోజు తాగేద్దామని."

మునిరాజు లేవబోయాడు. నేత్రావతి గ్లాసులోవి మూత బిగిసే సీసాలోకి వంపి జేబులో పెట్టుకుంది. తలుపు మూసి, దానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. అతని వైపు చూస్తూ, కూర్చోమన్నట్టు చేయి చూపింది. ఎవరినైనా మాట్లాడనిస్తే గొంతులు లేస్తాయి, పిల్ల బెదురుతుంది, తినడం ఆగిపోతుంది. ఒంట్లో ఆరు యూనిట్లు పనిచేస్తున్నాయి. తగువు తీర్చుకోవడానికి సాయంత్రం దాకా పొద్దుంది. తినడానికి లేదు.

మునిరాజు కూర్చున్నాడు.

అక్కయమ్మ క్యారియరు విప్పి కంచాలు తీసింది. ముద్ద ఒకటి అరచేతిలోకి తీసుకుని బరువు చూసింది. తూకం లేదు. వేళ్ళతో నాలుగో వంతు గిల్లి పక్కన పెట్టి, మిగిలినదాన్ని సహన కంచంలో ఉంచింది.

"ఎంతవ్వా?"

"ముప్ఫై. సారు పల్చగా పోస్తాండా, లెక్కలోకి రాదు. తిను."

తర్వాత వెంకటగిరియప్పకు పెట్టింది. తలుపు దగ్గరికి పోయి నేత్రావతికి పెట్టింది. ఇంకో ముద్ద చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం నిలబడింది. మునిరాజు ముందు కంచం పెట్టి, అందులో ముద్ద వేసి, గుంట చేసి సారు పోసింది. అన్నం వేళకు ఎదురుగా ఉన్న మనిషికి పెట్టకపోవడం ఆమెకు చేతకాదు. అతను ఆమె ముఖం చూశాడు. ఆమె చూడలేదు. మంచం పక్కన నేల మీద కూర్చుని తనకూ వడ్డించుకుంది.

బయట వాన గట్టిగా పడుతోంది. నేత్రావతి కుర్చీలోంచి లేవకుండా, కళ్ళు అతని మీదే ఉంచి, ముద్ద తుంచి సారులో అద్దుకుని మింగింది. వెంకటగిరియప్ప తింటూ సహన చేతిని మాత్రమే చూశాడు. ఒక తుంపు. ఇంకొకటి. నీరసంగా ఉన్న వేళ్ళు మధ్యలో ఆగినప్పుడల్లా అక్కయమ్మ చేయి కూడా ఆగింది. మళ్ళీ కదిలినప్పుడు కదిలింది. మునిరాజు వేళ్ళు మాత్రం సారులో అట్లే ఉండిపోయాయి.

సహన చివరి తుంపు మింగి, కంచం అక్కయమ్మ వైపు వంచి చూపించేదాకా, ఆ గదిలో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు.